పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు

ఆ సాయంకాలము పుంగనూరులో ఒక ఫోన్ల దుకాణపు గాజుబల్ల మీద రెండు సెల్‌ఫోన్లు ప్రక్కప్రక్కన పడియుండగా, వాటిని కొనవచ్చిన ఒక రైతు ముందు దీనిని, తరువాత దానిని, మరల దీనిని చేతిలోనికి తీసికొని, అరచేతితోనే బరువు తూచినట్లు తూచి చూచుచు, చాలసేపు మాటాడక నిలుచుండెను. పాలడబ్బు ఆయన చొక్కా లోపలి జేబులో మడతపెట్టి ఉన్నది. ఇంటర్మీడియెట్టు ముగించి డిగ్రీలో చేరబోవుచున్న కూతురు ప్రక్కన నిలిచి తండ్రి ముఖమువంకే చూచుచున్నది. రెండు ఫోన్ల పొడవు ఒకటే, బరువు ఒకటే, తెర ఒకటే, పేరుకూడ ఒకటే. ఒకదాని పేరు చివర మాత్రము ఒక అంకెయు ఒక అక్షరమును అదనముగా ఉన్నవి.

“రెండూ ఒకటే మాదిరి ఉండాయి గదా నాయనా, దీనికి రెండువేలు జాస్తి ఎందుకు?” అని ఆయన దుకాణములోని కుఱ్ఱవానిని అడిగెను.

“అది 5జీ అన్నా. స్పీడు జాస్తి.”

“ఎన్నేండ్లు వస్తాది?”

“ఒక సంవత్సరం వారంటీ ఉందన్నా.”

మొదటి ప్రశ్నకు వచ్చిన సమాధానము సత్యమే గాని అసంపూర్ణము. రెండవ ప్రశ్నకు వచ్చినది సమాధానమే కాదు. మూడునాలుగేండ్ల కొకసారి పదివేల రూపాయలు పెట్టి కొను వస్తువును గూర్చి ఆ కుటుంబమునకు దుకాణమువారినుండి దొరికిన ఉపదేశము పది మాటలకు మించలేదు. ఆ కుఱ్ఱవానిని నిందింప బనిలేదు. పెట్టెపై పెద్ద అక్షరములతో అచ్చువేసినదానినే అతడు చదివి చెప్పినాడు. ఆ పెద్ద అక్షరములు చెప్పని సంగతు లేవో విచారించి, ఆ తండ్రి అడిగిన రెండు ప్రశ్నలకును నిదానముగా సమాధానము చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆ రెండు ఫోన్లలో ఒకటి రెడ్‌మీ 13సీ, రెండవది రెడ్‌మీ 13సీ 5జీ. షావోమీ సంస్థ వీటిని 2023 డిసెంబరు 6న, ఒకేనాడు, మన దేశపు విపణిలోనికి తెచ్చినది. 4 జీబీ ర్యామ్, 128 జీబీ నిల్వ గల నమూనాలకు నాటి ధరలు వరుసగా 8,999 రూపాయలు, 10,999 రూపాయలు. కొన్ని బ్యాంకు కార్డులతో కొన్నవారికి వేయి రూపాయల తగ్గింపు కూడ ఉండెను. ధరయొక్క లోపలిపొర నొకసారి విప్పి చూచినచో, 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి సెల్‌ఫోన్లపై వస్తుసేవల పన్ను నూటికి 12 నుండి 18కి పెరిగినందున, మొదటి ఫోనులో దాదాపు 1,373 రూపాయలును, రెండవదానిలో దాదాపు 1,678 రూపాయలును పన్ను రూపమునఁ బోయెడివి. కావున ఈ రెండు ఫోన్ల వస్తుగతమైన అంతరము పదిహేడువందల రూపాయలకు లోపలనే ఉండెను.

ఈ ఫోన్ల వంశమునకును మన సీమకును పాత చుట్టరికము కలదు. 2015 ఆగస్టు 10న విశాఖపట్నములో ఈ సంస్థ, భారతదేశములో కూర్చిన తన తొలి ఫోనైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను 6,999 రూపాయల ధరకు ప్రకటించినది. ఆ ఫోనును శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారమునఁ గూర్చిరి. శ్రీసిటీ అప్పటికి చిత్తూరు జిల్లాలోనిది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము కూడ అప్పటికి ఆ జిల్లాలోనివే. ఆ కర్మాగారపు వరుసలలో కూర్చుండి, సన్నని మరలు బిగించి, తెరలు పరీక్షించి పంపినవారిలో అత్యధికులు చుట్టుపట్ల గ్రామములనుండి వచ్చిన పడుచు పిల్లలు. కొనువారును కూర్చువారును ఒకే జిల్లావారగుట సామాన్య విషయము కాదు. ఒకప్పుడు దూరదేశపు వింతగా వచ్చిన వస్తువు, మన ఇంటి ఆడబిడ్డల వ్రేళ్ళ నడుమ రూపు దిద్దుకొని మన ఊరి దుకాణమునకు చేరుచున్నదన్న స్పృహతోనే దానిని బేరమాడవలెను.

ఇక పెట్టెల సంగతికి వత్తము. రెండు పెట్టెలపైనను పెద్ద అక్షరములతో ఉన్న అంకెలను వరుసగా చదివిన వారికి ఆశ్చర్యము కలుగును. తెర రెండింటికి 6.74 అంగుళములే. ఆ తెర సెకనుకు తన్ను తాను దిద్దుకొను పర్యాయములు రెండింటికి 90. కెమెరా రెండింటికి 50 మెగాపిక్సెళ్ళు. బ్యాటరీ రెండింటికి 5000 ఎంఏహెచ్. వ్రేలిముద్ర చూచు మీట రెండింటికి ప్రక్కనే. అనగా, ఏ అంకెలను చూచి మనము ఫోను కొనుచున్నామో, దుకాణదారు ఏ అంకెలను జపించుచున్నాడో, అవి అన్నియు సమానమే. భేదమంతయు చిన్న అక్షరములలోను, అసలు అచ్చువేయని చోట్లను దాగియున్నది. చౌక ఫోన్లను పోల్చుటలో నేను గ్రహించిన ముఖ్య సత్య మిదియే.

పెద్ద అంకెలకు గల అర్థ మెంతయో మొదట చూతము. 50 మెగాపిక్సెళ్ళనగా ఐదుకోట్ల చుక్కలు. అయితే చౌక ఫోనులోని కెమెరా కన్ను మిక్కిలి చిన్నది కావున, ఒక్కొక్క చుక్కపై పడు వెలుతురు అత్యల్పము. అందుచేత ఫోను ఇరుగుపొరుగు నాలుగు చుక్కలను కలిపి ఒకటిగా చేసి, చివరకు మనకు పన్నెండున్నర మెగాపిక్సెళ్ళ చిత్రమునే సామాన్యముగా ఇచ్చును. అది మోసము కాదు, మంచి ఉపాయమే. కాని ఆ 50 అను అంకెను చూచి ముప్పదివేల ఫోనులోని 50తో సమాన మనుకొనుట పొరపాటు. ప్రధానమైన కన్ను ప్రక్కన కనిపించు తక్కిన గుండ్రని కన్నులు ఈ ధరలో అలంకారప్రాయములు; వాటిని లెక్కపెట్టి ధర నిర్ణయింపరాదు.

తెర విషయమున తెలుగు చదువువారు ప్రత్యేకముగా గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. ఈ తెరలో అంగుళమునకు సుమారు 260 చుక్కలు ఉండును. ఆంగ్లాక్షరములకు అది చాలును. ఒత్తులు, గుడులు, ఏత్వములు ఒకదానిక్రింద నొకటి వ్రేలాడు మన అక్షరములను చిన్న పరిమాణమున చదువునప్పుడు మాత్రము, ‘క్ష్మ’ వంటి సంయుక్తాక్షరముల అంచులు కొంచెము మసకబారును. నలుబదియేండ్లు దాటినవారు ఫోను కొనునప్పుడు, దుకాణములోనే ఒక తెలుగు దినపత్రిక పుటను తెరిచి, ఒత్తులు స్పష్టముగ కనుపించుచున్నవో లేదో చూచుకొనుట మేలు. రెండు ఫోన్లకును ఈ లోపము సమానమే.

ఇక ర్యామ్ అనునదియు, నిల్వ అనునదియు వేర్వేరు వస్తువులని చాలమందికి తెలియదు. రైతు భాషలో చెప్పవలెనన్న, నిల్వ గాదె, ర్యామ్ కళ్ళము. గాదె ఎంత పెద్దదైనను, కళ్ళము ఇరుకైనచో ఒకేమారు ఎక్కువ కుప్పలు నూర్చలేము. నాలుగు జీబీల కళ్ళములో సగము భాగము ఫోనుయొక్క సొంత వ్యవస్థకే పోగా, తక్కిన సగములో వాట్సాపు, యూట్యూబు, చెల్లింపుల యాప్ మూడును సర్దుకొనవలెను. ఒకటి తెరచునప్పటికి ఇంకొకటి మొదటికి పోవుట ఇందువలననే. “ర్యామ్‌ను పెంచుకొనవచ్చును” అని ప్రకటించు మాటకు అర్థము, గాదెలో ఒక మూలను చదునుచేసి దానిని కళ్ళమని పిలుచుటయే. అత్యవసరమునకు అది పనికివచ్చును గాని, అసలు కళ్ళమునకు సాటిరాదు. కావున 4 జీబీ నమూనాకును 6 జీబీ నమూనాకును అంతరము వేయి పదిహేనువందలైనప్పుడు, శక్తి ఉన్నవారు ఆ అంతరమును పెట్టుటయే శ్రేయస్కరము.

ఇప్పుడు చిన్న అక్షరములలోనికి దిగుదము. ఫోనుకు మెదడువంటి చిప్‌ను రెండింటికిని తైవాను దేశపు మీడియాటెక్ సంస్థయే రూపొందించినది. చౌక ఫోనులోనిది హీలియో జీ85, 2020లో వెలువడినది, 12 నానోమీటర్ల పద్ధతిలో చేసినది. రెండవదానిలోనిది డైమెన్సిటీ 6100 ప్లస్, 2023 జూలైలో వెలువడినది, 6 నానోమీటర్ల పద్ధతిలో చేసినది. అనగా, ఒకేనాడు పుట్టిన ఈ అన్నదమ్ములలో ఒకనికి మూడేండ్ల వయసు గడచిన మెదడును, ఒకనికి అయిదారు నెలల మెదడును అమర్చినారు. ఇందులో ‘నానోమీటరు’ అనునది చిప్‌లోని అతిసూక్ష్మమైన అరల చిన్నదనమునకు గుర్తు. అంకె తగ్గినకొలది ఒకే పనికి ఖర్చగు విద్యుత్తు తగ్గును, వేడియు తగ్గును. 5000 ఎంఏహెచ్ అను బ్యాటరీ రెండింటికి సమానమైనను, ఒకే చెరువునుండి బయలుదేరిన రెండు కాలువలలో ఒకటి మట్టికాలువ, రెండవది సిమెంటు కాలువ యైనప్పుడు, నీరు ఎక్కువ దూరము ఏ కాలువలో పోవునో రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయితే 5జీ సంకేతము బలహీనముగా ఉన్న పల్లెలలో ఫోను దానికొరకు మాటిమాటికి వెదకుచు, మిగిల్చిన విద్యుత్తును అక్కడ పోగొట్టుకొనును. అట్టి చోట సెట్టింగులలోనికి పోయి 4జీకి మార్చుకొనుట మంచిది. వేగమును కొలుచు పరీక్షలలో చౌక ఫోను రెండున్నర లక్షల ప్రాంతపు అంకెను, రెండవది నాలుగు లక్షలకు చేరువైన అంకెను చూపును. ఒకటిన్నర రెట్ల అంతరమన్న మాట.

కాని నా దృష్టిలో ఇంతకంటె ముఖ్యమైన భేదము వేరొకటి కలదు. అది ఏ దుకాణములోను ఎవరును చెప్పనిది. గాదెలు రెండును 128 జీబీలే యైనను, గాదె వాకిళ్ళు ఒకటి కావు. చౌక ఫోనులోని నిల్వ ఈఎమ్ఎమ్‌సీ 5.1 అను పాత పద్ధతిది. రెండవదానిలోనిది యూఎఫ్ఎస్ 2.2 అను కొత్త పద్ధతిది. పాత పద్ధతిలో లోపలినుండి చదువుటయు లోపలికి వ్రాయుటయు ఒక్కసారి జరుగజాలవు. ఒకటి ముగిసిన పిమ్మట ఇంకొకటి. కొత్త పద్ధతిలో రెండును ఏకకాలమున సాగును. వేగముకూడ రెండు మూడు రెట్లు అధికము.

నేను ఈ సంగతిని ఆ రైతుకు దుకాణములోనే నా చేతనైనంతవరకు చెప్పగా, ఆయన కొంచెము ఆలోచించి, “అంటే పాకాల లైనులో ఒకటే పట్టా, కుప్పం లైనులో రెండు పట్టాలు, ఆ మాదిరేనా?” అని అడిగెను. అంతకంటె చక్కని ఉపమానమును నేను ఎచటను చదువలేదు. మదనపల్లె రోడ్డు స్టేషను మీదుగా ధర్మవరమునుండి పాకాలకు పోవు దారి ఒంటిపట్టాది. ఎదురుబండి వచ్చునంతవరకు మన బండి క్రాసింగు కోసము ఏదో ఒక చిన్న స్టేషనులో వేచియుండవలసినదే. కుప్పము మీదుగా బెంగుళూరు, చెన్నై నగరముల నడుమ పోవు దారికి రెండు పట్టాలు గలవు. పోవు బండి పోవుచుండగనే వచ్చు బండి వచ్చుచుండును. ఎంజిను ఎంత గొప్పదైనను, ఒంటిపట్టా మీద క్రాసింగు బాధ తప్పదు.

ఈ క్రాసింగు బాధ ఫోను కొన్న మొదటి నెలలలో కనబడదు, ఏలయన గాదె అప్పటికి ఖాళీ. ఏడాది గడచి, శుభోదయపు బొమ్మలు, పెండ్లి వీడియోలు, పిల్లల పాటలు నిండిన తరువాతనే అది బయటపడును. మా ఇంట మునుపు ఒక చౌక ఫోను, ఏ సంస్థదైన నేమి, రెండవ ఏటికి ఎట్టి స్థితికి వచ్చెననగా, ఎవరైన పిలిచినప్పుడు గంట మ్రోగుచునే ఉండును గాని, ఎత్తుటకు కావలసిన ఆకుపచ్చని గుండ్రటి గుర్తు తెరమీదికి వచ్చుసరికి ఆ గంట ఆగిపోవును. మా పిన్నమ్మ ఆ ఫోనును చేతబట్టుకొని, మసకతెరవంక చూచుచు, “ఉండు, ఉండు” అని దానిని బుజ్జగించుట నాకు ఇంకను కన్నులకు కట్టినట్లున్నది. మందకొడి ఫోనువలన గలుగు నష్టము నిముషముల నష్టము మాత్రమే కాదు. పెద్దలు తమకే ఏదో చేతకాలేదని తలవంచుకొందురు, నేరము నిజముగా వస్తువుదే యైనను.

వస్తువుల గుణములు ఇట్లుండగా, వాటి యోగ్యత కొనువాని పనిని బట్టి నిర్ణయ మగును. ఈ మాట ఎంత నిజమో మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మన మూడు ఊళ్ళు మూడు విధములుగా చెప్పుచున్నవి.

మదనపల్లె టమోటా మార్కెట్టులో తెల్లవారకముందే సందడి మొదలగును. క్రేట్లు దిగుచుండును, మండీలలో వేలము సాగుచుండును, రైతు ఒక చెవితో పాటను వినుచు రెండవ చెవికి ఫోను ఆనించి కోలారులో ధర యెట్లున్నదో కనుగొనుచుండును. 2023 జూలైలో ఇదే మార్కెట్టులో కిలో ధర నూరు రూపాయలు దాటి పైపైకి పోయినదియు, కొద్ది వారములలోనే కోతకూలియు గిట్టని స్థితికి దిగజారినదియు ఎవరును మరువలేదు. ఒక దినము ముందు కోసిన లాభమా, ఒక దినము ఆగిన లాభమా యని తేల్చుకొనుటకు ఆ రైతునకు ఫోనే త్రాసు. అయినను ఆయన చేయు పనులేవి? మాటాడుట, మండీ పట్టీని ఫొటోతీసి కొడుకునకు పంపుట, వాట్సాపులో ధరలు చూచుట, డబ్బు పడిన సంగతి తెలిసికొనుట, మచ్చలు పడిన ఆకును ఫొటోతీసి వ్యవసాయాధికారికి చూపుట. వీనిలో ఏదియు 4జీకి మించినది కాదు.

ఆయనకు వలసినవి వేరు. ఎండలో తెర కనబడవలెను, గోలలో మాట వినబడవలెను, క్రింద పడినను పగులరాదు. మరియొక చిన్న విషయము, చేలో పనిచేయనివారికి తోచనిది, ఇక్కడ చెప్పవలెను. టమోటా చెట్ల నడుమ ఒక పూట కాయలు కోసినవారి వ్రేళ్ళకు పచ్చని జిగట అంటి, అది ఆరి నల్లని పొరగా మారును. సబ్బుతో తోమినను వెంటనే వదలదు. ఆ వ్రేలిని ఫోను ప్రక్కనున్న మీట గుర్తింపదు. ఎన్నిమారులు నొక్కినను గుర్తింపక, చివరకు నాలుగంకెల రహస్యసంఖ్యను అడుగును. ఆ సంఖ్యను కొడుకు పెట్టి మరచియుండును. వ్రేలిముద్ర మీటను గొప్పగా వర్ణించు ప్రకటనలు ఈ వ్రేళ్ళను ఎన్నడును చూడలేదు. ఇట్టివారు గుర్తుండు సంఖ్యను తామే పెట్టుకొని, 13సీయందు 6 జీబీ ర్యామ్ గల నమూనాను తీసికొని, మిగిలిన డబ్బుతో గట్టి కవరును, తెరపై గాజుపలకను వేయించుకొన్నచో, ధరకు తగిన ప్రతిఫలము పొందినవారే యగుదురు.

పుంగనూరు ఇంకొక పాఠము చెప్పును. ఈ ఊరి పేరు మోయుచున్న ఆవు ప్రపంచమునందలి మిక్కిలి పొట్టి గోజాతులలో ఒకటి. ఎత్తు సుమారు 70 నుండి 90 సెంటీమీటర్లు మాత్రమే. మామూలు ఆవుపాలలో వెన్న నూటికి మూడునాలుగు పాళ్ళుండగా, దీని పాలలో ఎనిమిది పాళ్ళవరకు ఉండునని ప్రసిద్ధి. ఒకప్పుడు ఆకారమును చూచి, పాల కొలతను చూచి, దీనిని చిన్నచూపు చూచి వదలుకొన్నందున జాతియే అంతరించు స్థితి దాపురించినది. పలమనేరులోని పశుపరిశోధనా కేంద్రము దీనిని కాపాడుటకు పాటుపడినది. 2024 సంక్రాంతి సందర్భమున ప్రధానమంత్రి తన నివాసమున ఈ ఆవులకు గ్రాసము పెట్టిన చిత్రములు వెలువడిన తరువాత దేశమంతట వీటికి గిరాకి పెరిగినది. వస్తువు మారలేదు, చూచు కన్ను మారినది. లీటర్లు లెక్కించువానికి ఒక విలువ, వెన్న లెక్కించువానికి ఒక విలువ. ఫోను విషయముననూ పెద్ద అక్షరములు లీటర్లవంటివి, చిన్న అక్షరములు వెన్నవంటివి.

ఆ దుకాణములో నిలిచిన పిల్లకు రానున్న మూడునాలుగేండ్లు ఆ ఫోనే గ్రంథాలయము, ఆ ఫోనే పాఠశాల. పాఠముల వీడియోలు, పుటలు పుటలుగా వచ్చు నోట్సులు, ఉపకారవేతనపు దరఖాస్తులు, హాలుటికెట్లు, పోటీ పరీక్షల అభ్యాసములు అన్నియు అందులోనే. దరఖాస్తుకు గడువు రాత్రి పన్నెండు గంటలకు ముగియుననగా, పదకొండున్నరకు ఫొటో ఎక్కక చక్రము తిరుగుచున్నచో కలుగు ఆవేదన విద్యార్థుల తల్లిదండ్రులకు తెలిసినదే. ఈమె గాదె నిండక మానదు. నిండిన గాదెకు వాకిలి వెడల్పుగా ఉండవలెను. ఈమెకు రెండువేలు ఎక్కువ పెట్టి కొను ఫోనే చౌకయైన ఫోను. అది 5జీ యైనందున కాదు, రెండు పట్టాల నిల్వయు, వేడెక్కని చిప్‌యు ఉన్నందున. 5జీ లభించిన, అది పైగా వచ్చిన లాభము.

కుప్పము సంగతి మూడవది. ఆంధ్ర, కర్ణాటక, తమిళ సీమలు మూడును కలియు ఈ మూలకు, సెల్‌ఫోను అను మాటకు ఇంత ప్రచారము లేని దినములలోనే ఒక ప్రయోగము వచ్చినది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థయు రాష్ట్ర ప్రభుత్వమును కలసి ఇక్కడ ఐ-కమ్యూనిటీ అను కార్యక్రమమును ప్రారంభించి, గ్రామములలో సమాచార కేంద్రములను నెలకొల్పిరి. పొదుపు సంఘముల మహిళలకు డిజిటల్ కెమెరాలు, వెంట మోసికొనిపోదగిన చిన్న ప్రింటర్లు, సౌరశక్తితో నడచు పరికరములు ఇచ్చి, ఊరూర ఫొటోలు తీసి జీవనము సాగించు విద్య నేర్పిరి. కెమెరా, దానికి విద్యుత్తు, చిత్రమును పంపు సాధనము, ఈ మూడును నాడు ఒక మనిషి మోయవలసిన బరువు. ఇరువదేండ్లకు ఆ బరువంతయు చొక్కా జేబులోనికి ఒదిగినది. ఆ మహిళలకు నాడు లభించినదే నేడు ఎనిమిది పదివేల రూపాయలకు ప్రతి ఇంటికి అందుచున్నదని తలచినప్పుడు, చౌక ఫోనును చౌకగా చూడబుద్ధి కాదు.

నేటి కుప్పములో 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయపు విద్యార్థులున్నారు, బెంగుళూరునకు రైలులో పోయి వచ్చు ఉద్యోగులున్నారు. బెంగుళూరునందు దినములో సగభాగము గడపువారికి 5జీ నిజముగా అక్కరకు వచ్చును. మన దేశములో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న ఆరంభమైనవి. అయితే 5జీ అనునది ఒకే వస్తువు కాదు. 3500 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగములు మిక్కిలి వేగముగలవి గాని దూరము పోజాలవు, గోడలను దాటుటకు కష్టపడును. 700 మెగాహెర్ట్జ్ తరంగములు అంత వేగము లేనివైనను, కొండలు గుట్టలు గల సీమలో దూరము ప్రాకును. అందుచేత పట్టణపు నడిబొడ్డున కనిపించు వేగమును చూచి, గుట్ట వెనుకనున్న పల్లెలోనూ అదే లభించునని ఆశపడరాదు. మీ ఇంటి వాకిట 5జీ ఉన్నదో లేదో పొరుగువాని ఫోనులో చూచి తెలిసికొనుటయే ప్రత్యక్ష ప్రమాణము.

ఇక్కడ కూడ చిన్న అక్షరముల పాఠమే మరల ఎదురగును. 2024 నవంబరులో ఇదే సంస్థ రెడ్‌మీ ఏ4 5జీ అను ఫోనును 8,499 రూపాయల ప్రారంభపు ధరకు తెచ్చినది. 5జీ ఇంత చౌకగా వచ్చినదని జనులు సంతోషించిరి. కాని ఆ ఫోను, స్వతంత్రముగా నిలుచు 5జీతో మాత్రమే పనిచేయును; పాత 4జీ పునాదిపై నిలుచు 5జీతో పనిచేయదు. జియోది మొదటి రకము. ఎయిర్‌టెల్ నాడు నడపుచున్నది రెండవ రకము. కావున ఎయిర్‌టెల్ సిమ్ గలవారు ఆ ఫోను కొని, పెట్టెపై 5జీ అని పెద్దగా ఉన్నను, చేతిలో 4జీనే అనుభవింపవలసివచ్చినది. ఒక్క వాక్యము ముందుగా అడిగి తెలిసికొన్నచో తప్పు ఎంపిక తప్పిపోయెడిది.

ఇప్పుడు విలువయొక్క లెక్కను చూతము. 8,999 రూపాయల ఫోను మూడేండ్లు సజావుగా నడచిన, ఏటికి మూడువేలు, నెలకు 250 రూపాయలు. 10,999 రూపాయల ఫోను నాలుగేండ్లు నడచిన, ఏటికి 2,750, నెలకు దాదాపు 229 రూపాయలు. ఎక్కువ ధరగలది చౌక యైనది. కాని అదే ఫోనును అజాగ్రత్తగా వాడి మూడేండ్లకే పారవేసిన, ఏటికి 3,666 రూపాయలై, లెక్క తలక్రిందులగును. కావున ధర దుకాణములో నిర్ణయమగును గాని, విలువ మన చేతిలో నిర్ణయమగును. వాయిదాలపై కొనువారు నెలసరి మొత్తమును చూచి మురియక, అన్ని వాయిదాలను కూడి, దానికి రుసుములు చేర్చి, ఆ సంఖ్యనే ఫోను ధరగా భావించి పై లెక్కను మరల వేసికొనవలెను. తొందరలేనివారికి కాలముకూడ ఒక రాయితీయే.

దుకాణములో నిలిచినప్పుడు చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. వాటికి శాస్త్రజ్ఞానము అక్కరలేదు. పది యాప్‌లను వరుసగా తెరచి, ఆ వెంటనే కెమెరాను తెరచి, అది ఎంతసేపటికి కన్ను విప్పునో చూడవలెను. ఫోనును గడప దాటించి ఎండలోనికి తీసికొనిపోయి తెరను చదువవలెను. ఒకరిని పిలిచి, వీధి రొదలో మాట వినబడునేమో చూడవలెను. నిల్వ ఈఎమ్ఎమ్‌సీయా, యూఎఫ్ఎస్‌యా అని నోరు తెరచి అడుగవలెను. దుకాణదారునకు తెలియనిచో, ఆయనచేతనే వెదికించి తెలిసికొనవలెను. పెట్టెలో వచ్చు ఛార్జరు 10 వాట్లది మాత్రమే కావున, ఈ ఫోన్లు రెండును ఖాళీనుండి నిండుటకు రెండు గంటలకు పైగానే పట్టునని మనసులో ఉంచుకొనవలెను. చివరకు *#06# నొక్కి, తెరపై వచ్చిన ఐఎమ్ఈఐ సంఖ్యను రసీదులోని సంఖ్యతో సరిచూచుకొనవలెను. వాడిన ఫోను కొనువారైతే, ఆంగ్లాక్షరములలో కేవైఎమ్ అని వ్రాసి, ఖాళీ విడిచి, ఆ సంఖ్యను చేర్చి 14422కు సందేశము పంపిన, అది దొంగసొత్తో కాదో, పనికివచ్చునదో కాదో ప్రభుత్వపు సంచార్ సాథీ వ్యవస్థ తెలుపును.

మరల పుంగనూరు దుకాణమునకు వత్తము. రైలుపట్టాల ఉపమానము చెప్పిన తరువాత ఆ రైతు ఇక ఏమియు అడుగలేదు. లోపలి జేబులోని మడతను తీసి, నోట్లను రెండుమారులు లెక్కించి, తక్కువపడిన కొంత మొత్తమును తరువాతి పాలడబ్బు రాగానే ఇచ్చెదనని దుకాణపు యజమానితో మాటాడి ఒప్పించి, 5జీ పెట్టెను కూతురి చేతిలో పెట్టెను. ఆ పిల్ల దానిని తెరువబోగా, “ఉండమ్మా” అని ఆపి, పెట్టెను మరల చేతిలోనికి తీసికొని, ఇంతసేపును ఆయన చూడని అడుగుభాగమును వెలుతురునకు త్రిప్పి, కన్నులు చికిలించి, అక్కడి చిన్న అక్షరములను చదువుటకు ప్రయత్నించెను. చదువలేక, కూతురికే ఇచ్చి, “ఇదంతా ఏమి రాసినారో నిదానంగా చదివి చెప్పు” అనెను. దుకాణపు దీపముక్రింద నిలిచి ఆ పిల్ల చదువసాగెను, తండ్రి తలవంచి వినుచుండెను. ఎన్నేండ్లు వచ్చునన్న ఆయన ప్రశ్నకు సమాధానము ఏ సంస్థయు ముందుగా అచ్చువేసి ఇయ్యజాలదు గాని, కొనుటకు ముందు కాకున్నను కొన్న వెంటనేనైన చిన్న అక్షరములను చదువు ఇంటిలో ఆ ఫోను నాలుగేండ్లు నడచునని నాకు నమ్మకము కలిగినది.